సాన పట్టింది మా వదినే

పోయిన మంగళవారం పొద్దున కర్నూలు నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసి, "చిన్నాయనా, అమ్మ లేదు" అంది. ఫోన్ పెట్టేసి కడప బస్టాండుకు పోయి దొరికిన బస్సెక్కి కూర్చున్నాను. ముందు రోజు కూడా మా వదిన సాన షాపు తెరిచిందట. మంగళవారం పొద్దున స్టౌ మీద టీకి నీళ్లు పెట్టి కుర్చీలో కూర్చుందట. గిన్నె మాడిన వాసనకు పక్కింటివాళ్లు వచ్చి చూశారు. డెబ్బై దాటిన మనిషి, ఎవరి చేతా ఒక పూట సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది.

భూస్థాపనకు జనం బాగానే వచ్చారు. సమాధుల తోట గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎప్పుడో పోయిన మా అన్న ఫోటో పెద్దది, ఆమె ఫోటో చిన్నది. చనిపోయింది ఎవరో ఆ ఫ్లెక్సీ చూసి చెప్పడం కష్టం. పాస్టరుగారు ఆమె సాత్వికురాలని, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని ప్రసంగించారు. మా వదిన సాత్వికురాలైతే ఓర్వకల్లు గుట్టలు వెన్నముద్దలు. బేరమాడిన లారీ మెకానిక్కు మీదికి ఆమె ఆకురాయి విసరడం నేను కళ్లారా చూశాను. ఆయన కొత్తగా వచ్చిన పాస్టరు కాబట్టి క్షమించాను.

తర్వాత మా అన్న షాపుకు ఎదురుగా ఉన్న లేత్ షాపు యజమాని మైకు పట్టుకున్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, ఆ వీధిలో పెద్దమనిషి. "అన్న నేర్పిన పనిని అక్క చివరిదాకా నిలబెట్టింది. ఆ పదును అన్నదే. ఆమె చేతిలో బతికింది, అంతే" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఒళ్లు మండింది కానీ, శవపేటిక పక్కన తగాదా పెట్టుకోవడం బాగుండదని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. అందుకే ఇది రాస్తున్నాను.

మా అన్నది సాన షాపు. ఊరి బయట లారీలు రిపేరు చేసే షెడ్ల వీధిలో ఒక గది, కరెంటుతో తిరిగే సానరాయి, పక్కన నీళ్ల డబ్బా, గదికి అడ్డంగా ఒక రేకు, రేకుకు ఇవతల గిరాకీలు కూర్చోవడానికి బల్ల. లేత్ పనివాళ్లు, లారీ బాడీలు కట్టేవాళ్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాళ్లు ఇనుముకు రంధ్రాలు వేసే డ్రిల్లులు మొద్దుబారితే తెచ్చి పదును పట్టించుకునేవారు. ఈ పనిలో ఏముంది, రాయికి ఆనించి రుద్దడమే కదా అని చదువుకున్నవాళ్లు నాతో చాలామంది అన్నారు. నేను ఐటీఐలో ఇదే పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏముందో చెబుతాను.

డ్రిల్లు ఒళ్లంతా మెలితిరిగి ఉంటుంది, కానీ కోసే పని మొత్తం కొసన గోరంత జాగాలో జరుగుతుంది. ఆ కొసలో రెండు అంచులుంటాయి. రెండూ ఒకే పొడుగు, ఒకే వాలు ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి పొడుగైనా రంధ్రం డ్రిల్లు కంటే వెడల్పవుతుంది, కష్టమంతా ఆ ఒక్క అంచు మీదే పడి అది ముందు చస్తుంది. అంచు వెనక భాగం కిందికి జారినట్టు ఉండాలి. దాన్నే వెనక వాలు అంటాం. అది చాలకపోతే అంచు ఇనుమును తాకకముందే వీపు తాకుతుంది. డ్రిల్లు కోయదు, రుద్దుకుంటుంది, కాలి నీలంగా మారుతుంది. వాలు ఎక్కువైతే అంచు పలచబడి పెచ్చులూడుతుంది. ఇక రెండు అంచులూ కలిసే నట్టనడుమ చిన్న అడ్డగీత ఉంటుంది. అది ఏమీ కోయదు, ఊరికే తోస్తుంది. లావు డ్రిల్లుల్లో దాన్ని రెండు పక్కలా గీకి సన్నం చేయకపోతే మనిషి మొత్తం బరువు వేసినా దిగదు. మెత్తని ఇనుముకు ముక్కు కోణం నూట పద్దెనిమిది డిగ్రీలుంటే చాలు, గట్టి ఉక్కుకు ఇంకా చదునుగా, నూట ముప్పై అయిదు దాకా పోవాలి. ఇత్తడికి లెక్క తిరగబడుతుంది. అంచు వాడిని కావాలని కొద్దిగా చంపాలి. లేకపోతే డ్రిల్లు ఇత్తడిని కరిచి పట్టుకుని తనే లోపలికి దూకుతుంది, పట్టుకున్నవాడి మణికట్టు తిప్పేస్తుంది.

ఇదంతా మిషను మీద బిగించి చేయొచ్చు. మా అన్న వట్టి చేత్తో చేసేవాడు. ఆ వీధిలో ఆయన పేరు చెప్పుకుని డ్రిల్లులు నడిచాయి.

తర్వాత ఆయన కళ్లు పోయాయి.

షుగరు. ఒక్కసారిగా కాదు, గోడకు వేసిన సున్నం రాలినట్టు కొద్దికొద్దిగా. ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఒకసారి సెలవులకు పోయినప్పుడు, చేతిలో ఉన్న డ్రిల్లు ఆయనకు ఇవ్వబోయాను. ఆయన చెయ్యి దాన్ని దాటి నా మోచేతి దగ్గరికి పోయింది. రేకు పక్కనుంచి మా వదిన నావైపు చూసింది. ఆ చూపుతోనే నాకు సంగతి తెలిసింది, నోరెత్తొద్దని కూడా తెలిసింది.

వాళ్లిద్దరూ అప్పటికే ఒక పద్ధతి పెట్టుకున్నారు. మా అన్న బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. గిరాకీ గొంతును బట్టి పేరు పెట్టి పలకరిస్తాడు. డ్రిల్లు తీసుకుని బొటనవేలితో కొస తడిమి, "యాన్నో గట్టి ఉక్కులో పెట్టినావు గదప్పా" అంటాడు. లేచి తనే రేకు వెనక్కి నడుస్తాడు. గది కొలత కాళ్లకు తెలుసు. వెనక రాయి ముందు మా వదిన ఉంటుంది. ఆమె సాన పడుతుంది. ఆయన బొటనవేలితో చూస్తాడు. మళ్లీ తనే బయటికి తెచ్చి ఇస్తాడు. అక్క లోపల నీళ్లు మారుస్తుందని, ఇనుప రజను ఊడుస్తుందని గిరాకీలు అనుకునేవారు.

రేకు వెనక జరిగే ఆ తగాదాలు నేను చాలా విన్నాను.

"ఎడం దిక్కు పొడుగుండాది."

"లేదు."

"నా బొటనేలు చెప్తాంది."

"నీ బొటనేలికి గూడ షుగరొచ్చింది, పో."

ఆయన కిసుక్కున నవ్వేవాడు. ఆమె గొణుక్కుంటూనే డ్రిల్లును వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, ఎడమ అంచును ఒక్కసారి రాయికి తగిలించేది. ఆయన చెప్పింది నిజమేనని మాత్రం ఒప్పుకునేది కాదు.

నేర్పింది మా అన్నే. అందులో అబద్ధం లేదు. కళ్లు పూర్తిగా పోకముందే ఆమె చేతుల మీద తన చేతులు వేసి, మణికట్టు ఎంత తిప్పాలో, భుజం ఎక్కడ ఆపాలో నేర్పాడు. అంకెలు నేను చెప్పాను. సెలవులకు పోయినప్పుడల్లా నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాల్లోంచి ఒక్కో లోహం గురించి చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆమె వింటూ నన్ను ఆపి అడిగేది. "ఈ రాసినాయప్ప చేత్తో పట్టినాడా, మిషనుతోనా?" నాకు తెలియకపోతే "కనుక్కోని రా" అనేది. రేకు ముక్కను కోణానికి తగ్గట్టు కోసి ఒక కొలబద్ద చేసిచ్చాను. దాన్ని మెడలో తాడుకు కట్టుకుని తిరిగేది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు మాత్రం తీసేది. నేర్చుకున్నది ఇద్దరి దగ్గరే అయినా, చివరికి మా ఇద్దరికంటే బాగా పట్టింది. ఇది పొగడ్త కాదు. నేను మెచ్చుకోలుకు పేరుపడ్డ మనిషిని కాదని నన్నెరిగినవాళ్లకు తెలుసు.

ఏళ్లపాటు అట్లా జరిగింది. ఆ వీధిలో "అన్న పట్టిన పదును" అని చెప్పుకున్నదంతా ఆమెదే.

మా అన్న పోయాక కొన్నాళ్లు షాపు మూసి, తర్వాత ఆమె తెరిచింది. ఆయన పాత ఫుల్ చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, రేకు తీయించేసి, వీధికి కనిపించేట్టు రాయి ముందు నిలబడింది. గిరాకీలు మొహమాటానికి ఒకసారి వచ్చారు. రెండోసారి రాలేదు. "కాలిపోతాంది అక్కా" అన్నారు. చేయి అదే, రాయి అదే, వాలు అదే. మారింది వాళ్ల నమ్మకం. ఆడమనిషి పట్టిన డ్రిల్లు కదా అని అనుమానంతో మెల్లగా ఒత్తారు. మెల్లగా ఒత్తితే అంచు కోయదు, రుద్దుతుంది. రుద్దితే కాలుతుంది. కాలిన డ్రిల్లు పట్టుకొచ్చి, చూశావా అన్నారు.

ఒకరోజు లేత్ షాపాయన రెండు డ్రిల్లులు పట్టుకొచ్చాడు. నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను.

"ఇది సూడక్కా. అన్న పోయేముందర పట్టించుకున్న. వాడకుండ దాచిపెట్టుకున్న. పదునంటే ఇదీ. మొన్న నువ్వు పట్టింది సూడు, నీలమెక్కింది."

ఆమె రెండూ తీసుకుని వెలుగులో తిప్పింది. దాచిపెట్టుకున్నదాన్ని కొంచెం ఎక్కువసేపు తిప్పింది. "నిజమేప్పా, ఇదే బాగుండాది" అని తిరిగి ఇచ్చేసింది.

ఆయన పోయాక నేను ఎగిరాను. "వదినా, చెప్పు. ఇన్నేళ్లూ పట్టింది నేనేనని చెప్పు. ఇప్పుడే పోయి నేను చెప్తా."

"చెప్తే ఏమైతాది?"

"షాపు నిలబడుతుంది."

"మీ అన్న పడిపోతాడు." ఆమె రాయి ఆపింది. "కండ్లు లేనోడు ఇన్నేండ్లు మమ్మల్ని మోసం జేసినాడంటారు. నన్నంటే బదులు చెప్పేకి నేనుండాను. ఆయప్ప లేసి రాలేడు గదప్పా."

"ఆయన మోసగాడని ఎవరంటారు? నేను చెప్తా వాళ్లకు."

"నువ్వు చెప్తే అందరూ అంటారు."

మా పెద్దన్న అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. ఆడమనిషి రాయి ముందు నిలబడితే వంశం పరువు పోతుందట, ఆ గది సెల్‌ఫోన్ల షాపుకు ఇచ్చేసి కూతురింట్లో కూర్చోవాలట. ఆయన కూడా పోయాడు కాబట్టి ఎక్కువ అనను, కొంచెం అంటాను. తమ్ముడు షుగరుతో నలుగుతుంటే ఒక్కసారి డాక్టరు దగ్గరికి తోడు పోని మనిషికి, తమ్ముడి పెళ్లాం ఎక్కడ కూర్చోవాలో చెప్పే తీరిక మాత్రం ఉండింది. మా వదిన ఆయనకు మజ్జిగిచ్చి, "కూతురింట్లో నేనేం జేయల్ల బావా? టీవీకి సాన పట్టల్లనా?" అని అడిగింది. కానీ ఆ ఎగతాళి వెనక భయం ఉందని నాకు తెలుసు. గిరాకీ లేకుండా ఇంకో వేసవి గడిస్తే గది చేజారుతుంది. ఆమెకు ఆ రాయి ముందు తప్ప ఎక్కడా నిలబడే చోటు లేదు. అల్లుడింట్లో మూలన కూర్చుని పిలిచినప్పుడు అన్నానికి లేచే బతుకు ఆమెకు సరిపడదు.

ఆ వేసవిలోనే ఓర్వకల్లు దిక్కున ఒక కంకర క్రషర్ ఆగిపోయింది. రాళ్లను నమిలే దవడ ప్లేట్లు కొత్తవి తెప్పిస్తే, బోల్టు రంధ్రాలు ఉండాల్సిన చోట లేవు. ఆ పని లేత్ షాపాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక గాని ఆ ఉక్కు ఏమిటో తెలియలేదు. ఉన్న డ్రిల్లులన్నీ కాల్చుకుని, క్రషర్ ఓనరు చేత తిట్లు తిని, ఒక మధ్యాహ్నం వచ్చి మా బల్ల మీద ఊరికే కూర్చున్నాడు. అడగడానికి నోరు రాలేదు. ఆమే అడిగింది.

"ఏమప్పా, ముఖం అట్లుండాది?"

"ఏం లేదక్కా. ఎండ."

"ఎండకు డ్రిల్లులు గూడ నల్లబడతాయా? నీ జేబులోది సూపీ."

ఇచ్చాడు. ఆమె కొస చూసి, "మాంగనీసు ఉక్కా?" అంది.

"ఊ."

"ఎట్ల నడిపినావు?"

"జాగ్రత్తగానే అక్కా. కొంచెం దింపి, ఎత్తి, సల్లార్చి, మల్ల కొంచెం దింపి."

"అదే నువ్వు జేసింది. గోకినావు దాన్ని. గోకేకొద్దీ గట్టిపడతాది అది."

నిజం. ఆ ఉక్కు స్వభావం అది. కోస్తే కోయించుకుంటుంది. రుద్దితే, రుద్దిన చోట పై పొర బిగుసుకుని డ్రిల్లు కంటే గట్టిదవుతుంది. డ్రిల్లు ఎత్తిన ప్రతిసారీ ఆయన తనకు తానే అడుగున గట్టి మూత బిగించుకుంటూ పోయాడు. దీని గురించి నేను చాలా ఏళ్ల కిందట ఆమెకు చదివి చెప్పాను. ఆమె అంతటితో ఊరుకోలేదు, పాత ఇనుము కొట్టులోంచి అరిగిన దవడ ప్లేటు ముక్క ఒకటి తెప్పించుకుని, మా అన్న పక్కన ఉండగానే దాని మీద డ్రిల్లులు విరగ్గొట్టుకుని మరీ నేర్చుకుంది.

"కోబాల్టు డ్రిల్లులు ఉండాయా?"

"రెండుండాయి."

"తే పో."

పట్టింది. ముక్కు చదునుగా, వెనక వాలు మామూలు కంటే తక్కువగా, అంచుకు వీపు బలం ఉండేట్టు. నడిమి అడ్డగీతను రెండు పక్కలా గీకి సూదిమొనంత చేసింది. కొలబద్ద పెట్టి చూసి, నీళ్లలో ముంచకుండా గాలికే చల్లార్చి, "పా, నేనే వస్తా" అంది. చొక్కా కూడా విప్పకుండా వీధి దాటింది. నేను వెంట పోయాను.

లేత్ షాపులో పెద్ద డ్రిల్లింగ్ మిషను మీద ప్లేటు బిగించి ఉంది. కదలకుండా ఇంకో రెండు క్లాంపులు వేయించింది. స్పీడు అడుగుకు దింపించింది. ఆయన గోకి గట్టిపరిచిన పాత గుంతను వదిలి, ఇంకా ముట్టని గుర్తు దగ్గర డ్రిల్లు పెట్టించింది. ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు. వీధిలో వాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలో చేరారు. కొందరి మొహాల్లో నవ్వు దాచుకోవడం కూడా లేదు.

"ఒత్తు. నీ బరువంతా ఎయ్యి. మొదలుపెట్టినాక ఆపేది లేదు."

"ఇరుగుతాదక్కా."

"ఇరిగితే నాది ఇరుగుతాది. ఒత్తప్పా."

మిషను గుర్రుమంది. నూనె పొగ లేచింది. ఆమె ఎడమ అరచెయ్యి మిషను బల్లకు ఆనించి, తల కొంచెం వంచి నిలబడింది. మొదట వట్టి చప్పుడే. తర్వాత గోధుమరంగు ఉక్కు తునకలు మందంగా, పొట్టిగా తెగి పడటం మొదలైంది. సగం దిగాక చప్పుడు మారింది. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే హ్యాండిల్‌ను వెనక్కి తీయబోయింది.

"ఆపొద్దు! ఆపొద్దురా, తొక్కు!"

ఆ వీధి పెద్దమనిషిని "రా" అనింది. ఆయన కళ్లు మూసుకుని బలంగా ఒత్తాడు. డ్రిల్లు అవతలికి తేలింది. గుమ్మంలో ఎవరో ఈల వేశారు. సాయంత్రానికి మిగతా రంధ్రాలు కూడా అయ్యాయి. ఒక డ్రిల్లు విరిగింది, రెండోదాన్ని మధ్యలో మళ్లీ మళ్లీ పట్టి నడిపింది.

ఆయన చెమట తుడుచుకుంటూ, అందరికీ వినబడేట్టు, "అన్న ఉన్నట్లే ఉండాది" అన్నాడు.

"ఆ. ఆయప్ప నేర్పిందే గదా" అంది మా వదిన.

నేను బయటికి వచ్చి ఆమె మీద అరిచాను. ఇంతమంది ముందు, ఇంత పని చేసి, మళ్లీ పేరంతా అన్నకే కట్టబెడతావా అని. ఆమె చేతులకు కిరసనాయిలు రాసి తుడుచుకుంటూ విన్నది. "నీకు వెనక వాలు లేదప్పా. అందుకే ఎవురిని తాకినా కాలుతాండావు" అంది. నా గురించి ఎందరో ఎన్నో అన్నారు. ఇంత సరిగా ఎవరూ అనలేదు.

మరుసటి రోజు నుంచి డ్రిల్లులు వచ్చాయి. గది నిలిచింది. బోర్డు మీద మా అన్న పేరే ఉంచింది, రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ వేయించింది. మంత్రాలయం దిక్కు నుంచి కూడా పనివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. దేనికో చెప్పనివాడికి మాత్రం పట్టేది కాదు.

"ఏం ఇనుముకప్పా?"

"ఏదో ఒకటి. పదును పెట్టక్కా."

"ఏదో ఒకటి అనే ఇనుము నేను యాడా సూడలేదు. పోయి కనుక్కోని రా."

పట్టిన ప్రతి డ్రిల్లునూ ఒక పాత ఇనుప పట్టీ మీద దింపి చూశాకే ఇచ్చేది. ఆదివారం రాయి ముట్టేది కాదు. ఆరాధనలో పక్కన కూర్చున్నవాళ్లు ఆమె చేతివేళ్ల నల్లటి గీతలు చూసి కొంచెం జరిగి కూర్చునేవారని, ఆ కాస్త జాగాలో తను హాయిగా కూర్చునేదాన్నని నవ్వుతూ చెప్పేది. నేను ఫోన్ చేసి పేపర్లలో చదివినవాటి మీద మండిపడుతుంటే, కాసేపు విని, "అయిపాయనా? సరే, అన్నం తిను" అని పెట్టేసేది. నన్ను అంతసేపు విన్న మనిషి ఇంకొకరు లేరు.

భూస్థాపన మరునాడు తాళంచెవి తీసుకుని షాపుకు పోయాను. షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరాను. కాసేపటికి లేత్ షాపాయన కూడా వంగి వచ్చాడు. ఎదురుచూస్తున్న మనిషి దొరికినట్టయింది నాకు. కూర్చోమనలేదు.

"నిన్న మైకులో ఏమన్నావు? ఆ పదును అన్నదా? మా అన్న చివరి ఏళ్లలో డ్రిల్లు కొస కాదు, తన చేయి తను చూసుకోలేని మనిషి. పట్టిందంతా ఆమె. నువ్వు ఎత్తి దాచుకున్నది కూడా ఆమెదే."

ఆయన ఆశ్చర్యపోతాడని, తలవంచుకుంటాడని అనుకున్నాను. ఇన్నేళ్లు ఆ ముఖం చూడాలని కాచుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తెల్సప్పా."

"ఏం తెలుసు?"

"క్రషర్ పని నాడే తెల్సింది. అన్న ఉన్నప్పుడు ఈ బల్ల మీద కూర్చోని ఎన్నిసార్లు యినలేదు నేను? రేకు ఎనక రాయి చప్పుడు ఎట్ల వొచ్చేదంటే, ఒకసారి పొడుగ్గా, ఆపి రెండుసార్లు పొట్టిగా. ఎవురి చేతి చప్పుడు వాళ్లదే. ఆ నాడు కండ్ల ముందర అక్క నిలబడి పడతాంటే అదే చప్పుడు."

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు? నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఆమె చెప్పిందా?"

నేను సానరాయి వైపు తిరిగాను.

"మొదట్లో నేను జేసింది తప్పే. ఒగనాడు అక్క కాళ్లు పట్టుకోని చెప్పినా. ఏమనిందో తెల్సా? లెయ్యి, జనం సూస్తాండారు, నీ డ్రిల్లు ఇట్ల తే అనింది. బతికుండంగ ఆమె కప్పిపెట్టుకున్నదాన్ని, సమాధి కాడ మైకులో నేను ఇప్పల్లనా?"

ఆయన మీద ఇన్నేళ్లు నేను పెంచుకున్నది ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నాకంటే మర్యాద తెలిసిన మనిషి. అది ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటున్నాను. కానీ ఆయనకున్నంత మర్యాద నాకు లేదు. మా అన్న మోసం చేయలేదు. చూపు పోయినా పని పోకూడదని పట్టుకు వేలాడాడు, అంతే. దాన్ని మోసమనేవాడు ఈ వీధిలో ఇప్పుడు లేడు. ఆమె చేసిన పని ఆమె పేరు మీద ఒక్కచోటైనా ఉండాలి. వదిన కోప్పడుతుంది. కోప్పడనీ.

ఇద్దరం ఇంకా లోపలే ఉన్నాం. షట్టరు సగమే ఎత్తి ఉంది. బయట స్కూటరు ఆగింది. షట్టరు కింది సందులో రెండు చెప్పుల కాళ్లు కనిపించాయి. ఊళ్లో సంగతి తెలియని మనిషి ఎవరో. గొంతును బట్టి చూస్తే మా అన్నను ఎన్నడూ చూసి ఉండని వయసు.

"అక్కా, స్టీలు రెయిలింగు పనికి. సాయంత్రం వొస్తా" అని, కాగితంలో చుట్టిన డ్రిల్లును లోపలికి తోసి, బదులు కోసం ఆగకుండా పోయాడు.

కాగితం విడిపోయింది. డ్రిల్లు గచ్చు మీద గలగలమంటూ దొర్లుకుంటూ మా ఇద్దరి కాళ్ల మధ్యనుంచి పోయి, సానరాయి ముందు, ఆమె నిలబడి నిలబడి నున్నగా అరిగిన జాగాలో ఆగింది.